నాపా లోయలో దక్షిణం చల్లగా, ఉత్తరం వేడిగా ఎందుకుంటుంది? మట్టి రుచి వైన్‌లోకి నిజంగా వస్తుందా?

ఫ్రీమాంట్‌వాసి:

అందరికీ నమస్కారం. జులైలో ఇంట్లోవాళ్ళతో కలిసి కాలిఫోర్నియాలో వైన్‌కి పేరుపడ్డ నాపా లోయ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసొచ్చాను. దక్షిణాన కార్నెరోస్‌లో మొదలుపెట్టి హైవే 29 పట్టుకుని కాలిస్టోగా దాకా వెళ్ళాం. పొద్దున కార్నెరోస్‌లో కారు దిగితే ఆ గాలికి స్వెటర్లు వేసుకోవాల్సొచ్చింది. మధ్యాహ్నానికి కాలిస్టోగాలో ఏసీ వదిలి బయటికి రావడానికి పిల్లలు ఒప్పుకోలేదు, అంత ఎండ. మధ్య దూరం చూస్తే 30 మైళ్ళే. పైగా ఉత్తరానికి వెళ్ళేకొద్దీ చలి పెరగాలి కదా, ఇక్కడేమో తిరగబడింది.

రెండో సందేహం. ఒక టేస్టింగ్ రూమ్‌లో రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టారు. రెండూ కాబర్నె సావిన్యా అనే ఎర్ర ద్రాక్ష రకానివే. ఒకటి లోయ అడుగున పండింది, రెండోది కొండ మీద పండింది. "కొండదాంట్లో మీకు తెలిసేది అగ్నిపర్వతపు రాయి రుచి" అన్నారు. తేడా అయితే నాకు బాగానే తెలిసింది. కొండది చిక్కగా, వగరుగా ఉంది. కానీ రాయి రుచి పండులోకి ఎలా ఎక్కుతుంది? అది నిజమా, వైన్ అమ్మడానికి చెప్పే మాటా?

ఇక్కడ తోటల్లో పనిచేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. కాస్త విడమరిచి చెప్పండి, తొందరేం లేదు.

నేలబాట:

ఫ్రీమాంట్‌వాసి గారూ, నేను ఈ లోయలోనే ద్రాక్షతోటల నీళ్ళ పని, నేల పని చూస్తాను. ముందు వాతావరణం సంగతి చెప్పి మట్టి దగ్గరికి వస్తాను. మట్టి విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

నాపాలో ఉత్తరమా, దక్షిణమా అని కాకుండా సముద్రపు గాలికి ఎంత దూరం అని చూడండి. కాలిఫోర్నియా తీరం వెంట పసిఫిక్ నీళ్ళు నడివేసవిలో కూడా చల్లగానే ఉంటాయి. గాలి తోపుకి పైనీళ్ళు తీరం వదిలి సముద్రం లోపలికి జరిగితే, అడుగునున్న చల్లటి నీళ్ళు పైకి వస్తాయి. వాటి మీదుగా వచ్చే తేమగాలి చల్లబడి పొగమంచు కడుతుంది. ఇటు లోపలివైపు, శాక్రమెంటో ఉన్న సెంట్రల్ వ్యాలీలో ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిపోతుంది. అక్కడ వేడెక్కిన గాలి పైకి లేస్తుంటే సముద్రపు గాలి ఆ చోటుకి పరుగెత్తుకొస్తుంది. తీరం పొడుగునా కొండలు అడ్డం ఉన్నాయి, పెద్ద దారి అంటే శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి గోల్డెన్ గేట్ జలసంధి ఒక్కటే. అక్కడ దూరిన గాలి శాన్ పాబ్లో బే మీదుగా వచ్చి నాపా లోయ నోట్లోకి ఎక్కుతుంది. పడమర మాయకమాస్ కొండలు, తూర్పున వాకా కొండలు, ఉత్తరాన 4,300 అడుగుల సెయింట్ హెలీనా పర్వతం. తెరిచి ఉన్నది దక్షిణమే. అందుకే చల్లగాలి ముందు కార్నెరోస్‌కి తగులుతుంది, యాంట్‌విల్, ఓక్‌విల్, రూథర్‌ఫర్డ్ దాటేసరికి పలచబడుతుంది, కాలిస్టోగా చేరేటప్పటికి దాని బలం చాలావరకు అయిపోతుంది. వేసవిలో కార్నెరోస్‌లో పగటి ఎండ 80 చుట్టూ ఆడుతుంటే కాలిస్టోగాలో 95 దాటడం మామూలే. వానలు ఈ చల్లగాలికి తలకిందులు. చలికాలపు మేఘాలు ఉత్తరపు కొండలకి తగిలి అక్కడే ఎక్కువ కురుస్తాయి.

కాలిస్టోగాకి సముద్రపు గాలి బొత్తిగా అందదని కాదు. వాయవ్యాన కొండల మధ్య చాక్ హిల్ సందు అని ఒకటుంది, సాయంత్రాలు అందులోంచి కొంత చల్లగాలి దిగుతుంది. మీరు రాత్రికి అక్కడే ఉండిపోయి ఉంటే దుప్పటి అడిగేవారు. ఎండాకాలంలో పగటికీ రాత్రికీ 40 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా వచ్చే రోజులుంటాయి.

ద్రాక్షకి ఈ తేడానే ప్రాణం. పండులో పులుపు ముఖ్యంగా రెండు ఆమ్లాలది, టార్టారిక్, మాలిక్. టార్టారిక్ పెద్దగా తరగదు. మాలిక్‌ని మాత్రం పండు తన శ్వాసకే ఖర్చుపెట్టేసుకుంటుంది, వేడి ఎంత ఉంటే ఖర్చు అంత. పగలు ఎండలో ఆకు చక్కెర తయారుచేసి పంపాలి, రాత్రి చల్లబడి పులుపు నిలవాలి. ఎండ ఉన్న చోట్లు కాలిఫోర్నియాలో కావలసినన్ని. ఎండతోపాటు ఇలాంటి రాత్రులు ఉన్న చోట్లు తక్కువ.

ఇక మట్టి. ప్రపంచంలోని నేలల్ని శాస్త్రజ్ఞులు 12 పెద్ద తరగతులుగా విడదీస్తే, 30 మైళ్ళ ఈ లోయలో వాటిలో సగం కనిపిస్తాయి. చిన్న రకాలు లెక్కేస్తే 33. కొన్ని అగ్నిపర్వతాలు కక్కినవి, కొన్ని ఒకప్పటి సముద్రపు అడుగు మట్టి, మిగతాది వాగులూ నదీ తెచ్చిపోసిన ఒండ్రు. కాలిస్టోగా పక్కన పెట్రిఫైడ్ ఫారెస్ట్ ఉంది, ఈసారి వెళ్తే చూడండి. 34 లక్షల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిదలో కూరుకుపోయి రాయిగా మారిన రెడ్‌వుడ్ మానులు. నాకు ఈ లోయలో అన్నింటికన్నా ఇష్టమైన చోటు అది.

పేరుమోసిన కాబర్నె తోటలు చాలావరకు లోయకి పడమటి పక్కన, కొండ పాదాల దగ్గర ఉంటాయి. వాగు కొండ దిగి లోయలో అడుగుపెట్టగానే వాలు తగ్గి జోరు తగ్గుతుంది. ముందు పెద్ద రాళ్ళు వదిలేస్తుంది, తర్వాత గులకరాళ్ళు, ఆపైన ఇసుక. మెత్తటి బంకమట్టి మాత్రం నీళ్ళతోపాటు లోయ మధ్యకి, నాపా నది దగ్గరికి పోయి దిగుతుంది. అలా విసనకర్రలా పరుచుకున్న గులకనేలనే రూథర్‌ఫర్డ్, ఓక్‌విల్ వాళ్ళు బెంచ్ అంటారు.

కొత్త తోట వేసే ముందు మేం మనిషి లోతు గోతులు తవ్విస్తాం. బెంచ్ మీద తవ్విన గోతిలో దిగితే గోడంతా గులకరాళ్ళు, వేలితో గీకితే మట్టి పొడిపొడిగా రాలుతుంది. పాత తీగ వేళ్ళు గోతి అడుగు దాటి ఇంకా కిందికి పోతూ కనిపిస్తాయి. అక్కడినుంచి నది వైపు కాస్త దూరం వెళ్ళి ఇంకో గొయ్యి తవ్వితే నల్లగా, బూటుకి అంటుకునే మట్టి. రెండు మూడు అడుగుల కింద బూడిదరంగు, తుప్పురంగు మచ్చలు మొదలవుతాయి. చలికాలమంతా అక్కడ నీళ్ళు నిలిచాయనడానికి అవి గుర్తు. వేళ్ళు ఆ మచ్చల దాకా వచ్చి పక్కకి తిరిగిపోతాయి.

ఇక్కడ వాన దాదాపు మొత్తం నవంబర్ నుంచి ఏప్రిల్ లోపే పడుతుంది. చిగురు నుంచి కోత దాకా తీగ బతకాల్సింది నేల దాచుకున్న ఆ చలికాలపు సొమ్ముతోనే, డ్రిప్ నీళ్ళు పైన సాయం. గులకనేలలో అది త్వరగా అయిపోతుంది. కాయ రంగు తిరిగే నాటికి తీగ బెట్టకొస్తుంది, కొమ్మ చివర ఎదగడం ఆగుతుంది, పండు చిన్నదిగా ఉండిపోతుంది. ఎర్ర ద్రాక్షలో రంగూ వగరూ ఎక్కువగా తొక్కలో ఉంటాయి. చిన్న పండుకి రసం తక్కువ, దానికి తగ్గ తొక్క ఎక్కువ. నది పక్క బంకనేలలో తీగ ఆగస్టులో కూడా ఆకులు వేస్తూనే ఉంటుంది. పండు లావెక్కుతుంది, నీడలో పడి పచ్చివాసన పోదు.

ఎంత బెట్ట ఇవ్వాలో కళ్ళతో చూసి చెప్పలేం. మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్న ఆకుకి చిన్న ప్లాస్టిక్ సంచి తొడిగి, కాడ తెంపి, వెంటనే ఒక ఉక్కు డబ్బాలో బిగిస్తాం. కాడ కోసిన చివర ఒక్కటే మూతలోంచి బయటికి ఉంటుంది. లోపలికి నైట్రోజన్ గ్యాస్ వదులుతూ భూతద్దంతో ఆ చివరనే చూస్తూ ఉండాలి. కోసిన చోట తడి మెరవగానే గ్యాస్ ఒత్తిడి చెప్పే మీటర్ చదవాలి, ఒత్తిడి ఎంత ఎక్కువైతే తీగకి అంత దాహం. 10 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) దగ్గర తడి కనిపిస్తే తీగకి కొంచెం దాహం. 14 దాటితే నీళ్ళు వెంటనే పెట్టాలి. వేసవంతా నా మధ్యాహ్నాలు ఆ డబ్బా ముందే గడుస్తాయి. ఒకే తోటలో గులకనేల మీద తీగ 13 దగ్గర, దానికి కొన్ని వరుసల అవతల బంకనేల మీద తీగ 9 దగ్గర ఉండటం నేను తరచూ చూసేదే.

కాబట్టి మీ గ్లాసుల్లో తేడా నిజం. చెప్పిన కారణాన్ని నేను ఒప్పుకోను. వేరు రాయిని పీల్చదు, నీళ్ళూ, అందులో కరిగిన లవణాలూ మాత్రమే పీల్చుకుంటుంది. అగ్నిపర్వతపు రాయికి వాసన లేదు, పండులోకి పంపడానికి దాని దగ్గర రుచీ లేదు. నేల తీగకి ఎప్పుడు, ఎన్ని నీళ్ళు ఇచ్చింది అన్నదే మీ నాలుకకి తెలిసింది.

కొండతోట:

నేను లోయకి తూర్పు కొండల్లో హావెల్ మౌంటెన్ వైపు తోటలో పనిచేస్తాను. నేలబాట గారు చెప్పింది లోయ అడుగుకి సరిగ్గా సరిపోతుంది. కొండ మీద వాతావరణమే వేరు, అది చెప్పకపోతే ఫ్రీమాంట్‌వాసి గారి రెండో గ్లాసు అర్థం కాదు.

హావెల్ మౌంటెన్‌కి 1983లో ప్రత్యేక ప్రాంతంగా గుర్తింపు ఇచ్చినప్పుడు కింది హద్దు 1,400 అడుగుల దగ్గర గీశారు. పొగమంచు మామూలుగా ఆ ఎత్తు దగ్గర ఆగుతుంది. వేసవిలో పొద్దున్నే మా తోటలో ఎండ కాస్తుంటే కిందంతా తెల్లటి మబ్బు. పది, పదకొండు గంటలకి అది విడిపోయాక లోయ గబగబా వేడెక్కి మమ్మల్ని దాటిపోతుంది. మధ్యాహ్నం మా దగ్గరే చల్లన. రాత్రి చల్లటి బరువుగాలి వాలు వెంట జారి కిందికి దిగిపోతుంది, లోయ వణుకుతుంటే మాకు వెచ్చన. అంటే పగటికీ రాత్రికీ తేడా మాకు తక్కువ. మార్చి, ఏప్రిల్‌లో చిగురు మాడ్చే మంచు కూడా లోయ అడుగునే పడుతుంది. మీరు దారిలో చూసిన ఆ పొడుగాటి ఫ్యాన్లు పైనున్న వెచ్చటి గాలిని కిందికి కలపడానికే.

నేల మాకు పలచన. ఇనుముతో ఎర్రబడ్డ బంకమట్టి కొన్నిచోట్ల, తెల్లటి అగ్నిపర్వతపు బూడిదరాయి కొన్నిచోట్ల. లోయకి అవతలి వైపు మౌంట్ వీడర్ మీదకి వెళ్తే ఎక్కువ భాగం సముద్రపు అడుగు మట్టి, అయినా అక్కడి కాబర్నె కూడా వగరుగా, చిక్కగానే ఉంటుంది. రాయి వేరైనా వైన్ తీరు దగ్గరదగ్గరగా ఉందంటే రాయి రుచి మాట నిలబడదు. ఆ మాటలో నేలబాట గారి పక్షమే.

కానీ నేలంటే నీళ్ళే అన్నట్టు తేల్చేయడం నాకు నచ్చలేదు. మా ఎర్రనేలలో నత్రజని తక్కువ. నీళ్ళు పుష్కలంగా పెట్టినా తీగ లోయలోలాగా పెరగదు. పొటాషియం సంగతీ ఉంది. అది పండులోకి ఎక్కువగా చేరితే రసంలో పులుపు పట్టు తగ్గుతుంది, పీహెచ్ పెరుగుతుంది. అది వైన్ రంగు మీదా, నిలవ మీదా పడుతుంది. ఇవన్నీ నేల ఇచ్చేవే కదా.

ఫ్రీమాంట్‌వాసి:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. ఇంకో మాట అడుగుతాను. ఎండలో, నేలలో ఇన్ని తేడాలుంటే దారి పొడుగునా ఎక్కడ చూసినా కాబర్నె పేరే ఎందుకు కనిపించింది? పీనో న్వార్ కాలిస్టోగాలో వేస్తే ఏమవుతుంది? ఈమధ్య మంటలు, వడగాల్పులు అని వింటున్నాం, వాటి ప్రభావం ఎలా ఉంది?

నేలబాట:

కొండతోట గారి మాట న్యాయమైనదే. నత్రజని, పొటాషియం రెండూ లెక్కలోకి రావాలి. లోయ అడుగున నత్రజని కొరత అరుదు, అందుకే నా చూపు ఎప్పుడూ నీళ్ళ మీదే ఉంటుంది.

పీనో న్వార్ త్వరగా పండే రకం, తొక్క పలచన. కాలిస్టోగాలో వేస్తే నడి ఎండల్లోనే పండుకొస్తుంది. చక్కెర ముందు పరిగెడుతుంది, పులుపు పడిపోతుంది, ఎండ తగిలిన వైపు పళ్ళు ముడుచుకుపోతాయి. కాబర్నె ఆలస్యంగా పండేది, తొక్క మందం. దాన్ని కార్నెరోస్‌లో గాలి తగిలే చోట వేస్తే చల్లటి ఏడాదుల్లో పచ్చి క్యాప్సికమ్ వాసన వదలదు. అందుకే కార్నెరోస్ పీనో న్వార్‌కీ షార్డొనేకీ, నడిలోయ కాబర్నెకీ, కాలిస్టోగా కాబర్నెతోపాటు జిన్‌ఫాండెల్, పెటీట్ సిరాలకీ స్థిరపడ్డాయి. మెర్లో బంకనేలని కాబర్నె కన్నా బాగా ఓర్చుకుంటుంది.

లోయ మొత్తం తోటల్లో దాదాపు సగం కాబర్నెనే. నేలకి నప్పింది, అది నిజం. ధర కూడా దానికే ఎక్కువ, అదీ నిజం. 1976లో పారిస్‌లో పేర్లు దాచి రుచి చూసిన పోటీలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ వారి 1973 కాబర్నె ఫ్రెంచి వాటిని దాటి మొదటి స్థానంలో నిలిచింది. తెల్లవాటిలో గెలిచింది కాలిస్టోగాలోని షాతో మాంటెలీనా వారి 1973 షార్డొనే. ఇక్కడ ఒకటి గమనించండి. ఆ షార్డొనేకి వాడిన పండు ఎక్కువ భాగం పక్కనున్న సొనోమా వైపు నుంచి వచ్చింది. వైనరీ ఉన్న చోటు వేరు, తోట ఉన్న చోటు వేరు. ఇప్పుడైతే సీసా మీద ఓక్‌విల్ అనో హావెల్ మౌంటెన్ అనో ప్రాంతం పేరు వేయాలంటే కనీసం 85 శాతం పండు అక్కడిదే అయి ఉండాలి. నేల తేడా తెలుసుకోవాలంటే ఆ పేరు చూసి కొనండి, వైనరీ చిరునామా చూసి కాదు.

నేల గురించి నేను ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం రూట్‌స్టాక్. ఇక్కడ ద్రాక్షని అంటు కడతారు, నేలలో ఉండేది వేరే జాతి వేరు. ఒకప్పుడు లోయలో చాలావరకు ఏఎక్స్ఆర్1 అనే ఒక్క వేరుమీదే తోటలు వేశారు. అది ఏ నేలలోనైనా బాగా కాసేది, కానీ వేళ్ళని తినే ఫిలాక్సెరా పురుగుని పూర్తిగా తట్టుకోలేకపోయింది. 1980ల చివర, 1990లలో వేల ఎకరాలు పీకి మళ్ళీ నాటాల్సొచ్చింది. తిరిగి నాటేటప్పుడు ఒక్కో ముక్కకీ నేల చూసి వేరుని ఎంచుకున్నారు. బెట్టనేలకి 110ఆర్ లాంటిది, లోతైన తడినేలకి 101-14 లాంటిది. ఒక విపత్తు వల్ల లోయ తన నేలని గొయ్యి గొయ్యిగా చదవడం నేర్చుకుంది.

వడగాల్పు సంగతికొస్తే, 2022 సెప్టెంబర్ మొదట్లో లోయలో ఎండ 110 డిగ్రీలు దాటి కొన్నాళ్ళు అలాగే నిలబడింది. అప్పటికే బెట్టలో ఉన్న తోటల్లో పళ్ళు ఎండుద్రాక్షలా ముడుచుకుపోయాయి. ఇప్పుడు కొత్తగా నాటేవాళ్ళు సాయంత్రపు ఎండ పండుకి సూటిగా తగలకుండా వరుసల దిశ మారుస్తున్నారు, పడమటి వైపు నీడ గుడ్డ కడుతున్నారు, ఆకు ఒకప్పటిలా దులిపేయడం లేదు. వేడి వస్తుందని ముందే తెలిస్తే ఒకరోజు ముందు నీళ్ళు పెడతాం. వేడి మొదలయ్యాక పెట్టిన నీళ్ళతో పెద్దగా లాభం ఉండదు.

కొండతోట:

మంటల సంగతి నేను చెబుతాను, కొండవాళ్ళం కాబట్టి మాకది ఇంటి గుమ్మంలోని విషయం. 2020 సెప్టెంబర్ 27న గ్లాస్ ఫైర్ మొదలైంది హావెల్ మౌంటెన్ కిందున్న డీర్ పార్క్ దగ్గరే. అంతకు ముందు ఆగస్టులో పిడుగుల వల్ల అంటుకున్న మంటల పొగ అప్పటికే లోయలో నిండి ఉంది. ఆ ఏడాది చాలామంది ఎర్ర వైన్ చేయనేలేదు.

పొగతో చిక్కేమిటంటే, పండు తింటే తెలియదు. పొగలోని గ్వయకాల్ లాంటివి తొక్కలోంచి లోపలికి వెళ్ళి చక్కెరకి అతుక్కుని దాక్కుంటాయి. పులియబెట్టాక కొంత, సీసాలో పెట్టాక ఇంకొంత విడిపోయి బూడిద రుచి బయటికొస్తుంది. అందుకని పొగ వచ్చిన ఏడాది కోతకి ముందే కొన్ని గుత్తులు కోసి, ఒక బకెట్‌లో చిదిమి, ఈస్ట్ వేసి చిన్నగా పులియబెడతాం. ఆ రసాన్ని ల్యాబ్‌కి పంపుతాం, మేమూ రుచి చూస్తాం. తోటలో ఒక మూల బాగుండి ఇంకో మూల పాడవచ్చు, కాబట్టి ఒక్కో ముక్కకీ వేరే బకెట్. ల్యాబ్ ఫలితం వచ్చేదాకా గుత్తి తీగ మీదే ఉంటుంది, ఎంత పండినా కోయం.